నున్న కత్తి, పండ్ల కత్తి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కత్తుల గురించి జరిగినంత వాదన ఇంక దేని గురించీ జరిగేది కాదు. మడకశిర నుంచి లోపలికి పోతే, తెలుగూ కన్నడమూ కలిసిపోయే చోట ఉంటుంది మా ఊరు. వేరుశనగ వేసుకుని మబ్బుల వైపు చూస్తూ కూర్చునే ఊరు. నాయన, చిన్నాయన ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ మొండివాళ్లే. ఇద్దరి నడుముకూ చెరొక కత్తి ఉండేది. మడిచి జేబులో వేసుకునే చాకులు కావవి. చెక్క పిడిలోకి గట్టిగా దిగేసి, తోలు ఒరలో పెట్టుకునే కత్తులు. మా వైపు పొలానికి పోయే మనిషి చెప్పులు మరిచిపోయినా కత్తి మరిచిపోడు.

నాయన కత్తికి నున్నటి వాదర. పాత లారీ కమాను పట్టీ ఒకటి సంపాదించి, ఊళ్లో కమ్మరి చేత కొట్టించుకున్నాడు దాన్ని. తీరిక దొరికితే చాలు, సానరాయి ముందేసుకుని కూర్చునేవాడు. నీళ్లు చల్లుతూ, రాయి మీద మెల్లగా తిప్పుతూ, చివర్లో ముంజేతి మీద వెంట్రుకలు గీకి చూసుకునేవాడు. అవి రాలిపడితే ఆయన ముఖం వెలిగిపోయేది. ఏదైనా అడగాలంటే అదే సమయమని మా అమ్మకు కూడా తెలుసు.

చిన్నాయన కత్తి మడకశిర సంతలో కొన్నది. దాని వాదర పొడవునా రంపానికి ఉన్నట్టు పళ్లు. కక్కు కొడవలికి ఉండే కక్కుల్లాంటివే, కాకపోతే కాస్త పెద్దవి. మా సీమలో నోట్లో ఉండే పళ్లనైనా చెట్టుకు కాసే పళ్లనైనా పండ్లే అంటాం. అందుకని ఊళ్లో దానికి పండ్ల కత్తి అని పేరు పడింది. ఆ పేరు పట్టుకుని నాయన ఏడిపించేవాడు.

"జామపండ్లు కోసుకునేదానికి బాగుంటాదిలేరా నీ కత్తి."

"నవ్వన్నా, నవ్వు. దినామూ రాయి మీద రుద్దకుంటే నీది దేనికీ పనికిరాదు. నాది మొద్దుబారినా కొరుకుతాది."

ఆ వాదనలో నేను చిన్నాయన పక్షం. నున్నగా, సాదాగా ఉండే నాయన కత్తి కంటే నోరు తెరిచిన మొసలిలా ఉండే ఆ కత్తే నాకు గొప్పగా కనపడేది. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, ఏ పక్షమూ కాదు. ఇద్దరూ గొంతు పెంచినప్పుడు మాత్రం, "సుమ్నుండండ్రా, కత్తులకు ల్యాని పౌరుషం మీకేంటికి?" అని లోపలికి పోయేది.

ఒక ఏడు వాన పూర్తిగా మొహం చాటేసింది. వేసిన విత్తనం నేలలోనే మాడిపోయింది. మేత లేక ఊళ్లో చాలామంది ఎద్దులను తోలుకుపోయి అమ్మేశారు. వాటిని అమ్ముకుని వచ్చిన మనుషులు ఖాళీ పలుపుతాళ్లు భుజాన వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇళ్లకు పోవడం నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. మాకున్నది ఒక జత. అందులో నుదుట తెల్ల మచ్చ ఉన్నది మా ఇంట్లోనే పుట్టింది. పుట్టిన కొన్నాళ్లకే తల్లి ఆవు చనిపోతే, జేజి దానికి గంజి తాగించి పెంచింది. అమ్ముదామా అని చిన్నాయన ఒకసారి నోరు జారితే జేజి రోజంతా అన్నం ముట్టలేదు.

అట్లాంటప్పుడు జేజి తమ్ముడి దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన ఊరు మాకు పూట ప్రయాణం. ఆయన బావిలో ఇంకా నాలుగు చుక్కల నీళ్లుండటంతో జొన్న పండింది. ఎద్దుల మేతకు జొన్న సొప్ప ఉంది, బండి కట్టుకుని వచ్చి తీసుకుపొమ్మన్నాడు. నాయన, చిన్నాయన బండి కట్టారు. పుట్టింటి ముఖం చూసి వస్తానని జేజి ఎక్కింది. జేజి ఎక్కింది కాబట్టి నేనూ ఎక్కాను.

కోడి కూసేటప్పుడు బయల్దేరి, ఎండ ముదిరే వేళకు చేరాం. దారంతా ఇద్దరికీ కత్తుల గొడవే. అక్కడ పందిట్లో అన్నాలకు కూర్చున్నప్పుడు కూడా ఆగలేదు. జేజి తమ్ముడు సరదా మనిషి. "ఏమప్పా, నోటితో కోస్తే ఏమొస్తాది? కోసి చూపించండి" అన్నాడు.

నాయన చేటలో ఉన్న టమోటా ఒకటి తీసుకున్నాడు. ఆయన కత్తి ఆనించాడో లేదో అది రెక్కలు రెక్కలుగా విడిపోయింది. ఒక ముక్క ఎత్తి వెలుతురుకు పెడితే అవతల జేజి తమ్ముడి మీసం కనిపించింది. చిన్నాయన ఇంకొకటి తీసుకుని పండ్ల కత్తి పెట్టాడు. అది తొక్క పట్టుకుని లాగి, గుజ్జంతా ఆయన పంచె మీద చిమ్మింది. అందరూ నవ్వారు. ఉక్రోషమొచ్చి చిన్నాయన పందిరి గుంజకు వేలాడుతున్న కిత్తనార తాడు ముక్క తెచ్చాడు. కిత్తలి మట్టలు చీల్చి తీసే ఆ నార ఎంత మొరటుగా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పండ్ల కత్తి దాన్ని కరకర కొరికేసి చప్పున తెంపింది. నాయన కత్తి అదే తాడు మీద అద్దం మీద వేలు జారినట్టు జారింది. గట్టిగా అదిమితే నాలుగు పోగులు తెగాయి.

"చూసినావా?" అన్నాడు చిన్నాయన.

"నువ్వు చూసినావా?" అని టమోటా ముక్క చూపించాడు నాయన.

ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. నేను చిన్నాయన గెలిచాడని చప్పట్లు కొట్టాను. జేజి మాత్రం, "తినే వస్తువు నేలపాలు చేసినారు. లేయండి, పొద్దు పోతాది" అంది.

సొప్ప కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. బండి మీద చిన్న మిద్దె లేచినంత ఎత్తయింది. చిన్నాయన కిత్తనార మోకు తీసుకుని, బరువు జారకుండా అడ్డంగా నిలువుగా లాగి కట్టాడు. మోకు అంటే బండ్లకు కట్టే లావుపాటి తాడు, నా మణికట్టు కంటే లావు. ఆయన కాలు తన్నిపెట్టి లాగుతుంటే అది కిర్రుమనేది. ఆ మేత మా ఎద్దులకు వానలు పడేదాకా సరిపోతుందని నాయన అన్నప్పుడు, ఆ మధ్యకాలంలో ఎప్పుడూ లేనిది, జేజి పాట తీసింది. పాటంటే పాట కాదు, ముక్కుతో సన్నగా ఏదో అనుకోవడం.

తిరుగు ప్రయాణంలో దారికి అడ్డంగా ఒక వంక వస్తుంది. ఆ ఏడు అందులో నీళ్లెక్కడివి, ఇసుక, గుండ్లు తప్ప. కానీ దాంట్లోకి దిగే దారి బాగా వాలు. "దిగి నడవండి" అని నాయన మా ఇద్దరినీ దింపాడు. తను ఎద్దుల ముందు నిలబడి ముకుతాళ్లు పట్టుకున్నాడు. చిన్నాయన వెనక నుంచి బండిని నిగ్గబట్టి ఆపుతున్నాడు. సగం దూరం దిగాక ఎడమవైపు కట్టిన ఎద్దు, అదే మా తెల్ల మచ్చ ఎద్దు, గుండు మీద కాలు పెట్టింది. గుండు దొర్లింది. ఎద్దు మోకాళ్ల మీద పడి, అట్లే పక్కకు ఒరిగిపోయింది.

ఆ కుదుపుకు రెండో ఎద్దు మెడపట్టీ పుటుక్కున తెగి, అది బెదిరి పక్కకు తప్పుకుంది. సొప్పంతా ముందుకు వంగింది. ఆ బరువంతా కాడి మీదికి వచ్చింది, కాడి ఎద్దు మెడ మీదికి వచ్చింది. మెడను కాడికి కట్టే తోలు పట్టీ మెలిపడి గొంతు కింద బిగుసుకుపోయింది. ముడి మెడ కింద, నేలకు అదుముకుని ఉంది. దాన్ని విప్పే దారి లేదు. ఎద్దు నోరు తెరిచింది, నాలుక బయటికి వచ్చింది, కానీ గొంతులోంచి చప్పుడు రాలేదు. అది అరిచి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

చిన్నాయన పరుగున ముందుకొచ్చి ఎద్దు మెడ దగ్గర కూలబడ్డాడు. నాయన బరువు దించాలని మోకు దగ్గరకు ఉరికాడు. ఇద్దరూ ఒకేసారి కత్తులు దూశారు.

నాయన మోకు మీద కత్తి పెట్టి కోస్తున్నాడు. అది జారుతోంది. దుమ్ము పట్టిన కిత్తనార, లోపల గట్టిగా పేనిన పోగులు. మధ్యాహ్నం పందిట్లో చూసిందే మళ్లీ. ఆయన అదుముతున్నాడు, కత్తి పైపైన గీసుకుంటూ పోతోంది. ఇక్కడ చిన్నాయన పట్టీ కిందికి తన కత్తి దూర్చబోయాడు. దాని పండ్లు పట్టీని పట్టుకోవడానికి ముందే గంగడోలు చర్మాన్ని పట్టుకున్నాయి. నెత్తురు చిమ్మింది. ఎద్దు ఒక్కసారి తల విదిలించింది. పట్టీ ఇంకా బిగిసింది. దాని కన్ను తెల్లబడి పైకి తిరిగింది.

"పోతాండాదన్నా! పోతాండాది!" అని చిన్నాయన అరిచాడు.

జేజి అప్పటికే ఇసుకలో మోకాళ్ల మీద ఉంది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆపండ్రా ఇద్దరూ! చోటు మార్చుకోండి. చిన్నోడా, నీ పండ్ల కత్తి తీసుకుని మోకు కాడికి పో. పెద్దోడా, నీ నున్న కత్తితో నువ్వు ఈడికి రా. బిన్నా, తొందరగా!"

ఇద్దరూ లేచారు. ఒకరినొకరు దాటుకుంటూ పరుగెత్తారు. జేజి నన్ను పిలిచి, తన కొంగు లాగి నా చేతిలో పెట్టింది. "పాపా, దాని కన్ను మూసి పట్టుకో. మాట్లాడతా ఉండు దానితో." నేను ఆ కొంగు ఎద్దు కన్ను మీద పెట్టి, ఏమి మాట్లాడానో నాకు తెలియదు, ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. కొంగు కింద దాని రెప్ప కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది.

వెనక మోకు మీద కరకరమని చప్పుడు మొదలైంది.

నాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన చేయి మొత్తం వణుకుతోంది. జేజి పట్టీ మీద, మెడ మీద వేళ్లతో తడిమింది. ఎక్కడ కాస్త వదులుందో వెతికింది. చెవి కిందుగా ఒక చోట ఆగి, తన కుడిచేతి రెండు వేళ్లు పట్టీకీ చర్మానికీ నడుమ బలవంతాన దూర్చింది. వేళ్ల గోళ్లు తెల్లబడ్డాయి.

"నా ఏళ్ల మీంద కత్తి అడ్డంగా పరుచుకోని పోనీ. పట్టీ కిందికి పోయినాక వాదర బయటికి తిప్పి కోయి."

"అమ్మా, సెయ్యి తీ. తెగుతాది."

"తెగితే తెగనీ. నువ్వు కానీ."

నాయన ఒక్క క్షణం ఆమె ముఖం వైపు చూశాడు. తర్వాత చేతి వైపు చూశాడు. ఊపిరి బిగబట్టాడు. ఆ వణుకు ఎక్కడికి పోయిందో గానీ, ఆయన చేయి సానరాయి ముందు కూర్చున్నప్పటి చేయి అయిపోయింది. కత్తి జేజి వేళ్ల మీద నుంచి, తడిసిన ఆకు మీద నుంచి ఇంకో ఆకు జారినట్టు, పట్టీ కిందికి పోయింది. అక్కడ పండ్లుంటే ఆ వేళ్లు మిగిలేవి కావు. నాయన మెల్లగా, చాలా మెల్లగా వాదర బయటికి తిప్పి, ఒక్కసారి లాగాడు.

పట్టీ తెగింది. దాదాపు అదే సమయానికి వెనక మోకు తెగి, సొప్పంతా పెద్ద చప్పుడుతో పక్కకు కూలింది. బండి తేలికపడింది. చిన్నాయన దూకి వచ్చి కాడి కింద భుజం పెట్టి పైకెత్తాడు.

ఎద్దు కదలలేదు.

జేజి దాని మెడ నిమురుతూ కూర్చుంది. నేను కొంగు తీయలేదు, తీస్తే ఏమి కనపడుతుందోనని. అప్పుడు దాని కడుపులో ఎక్కడో లోపలి నుంచి ఒక ఊపిరి బయల్దేరింది. గరగరమంటూ, తెరలు తెరలుగా, కొలిమి తిత్తిని మొదటిసారి నొక్కినట్టు. ముక్కుల్లోంచి వచ్చిన ఆ గాలికి నా ముందున్న ఇసుక చెదిరి నా కాళ్ల మీద పడింది. వెచ్చటి ఊపిరి, పులిసిన గడ్డి వాసన. ఆ వెనక ఇంకొకటి. ఇంకొకటి. కాసేపటికి అది ముందుకాళ్లు కూడదీసుకుని, ఒకసారి పడి, మళ్లీ లేచి నిలబడింది. నాలుగు కాళ్లూ గజగజ వణుకుతున్నాయి. కానీ నిలబడింది.

చిన్నాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నాయన ఎద్దు వైపు చూడలేదు. జేజి చేయి అందుకుని, వేళ్లు విప్పి చూశాడు. చూపుడువేలి మీద సన్నగా ఒక ఎర్ర గీత, ముల్లు గీసుకున్నంత. అది చూసి ఆయన ఇసుకలో చతికిలబడ్డాడు. జేజి ఆ వేలు నోట్లో పెట్టుకుని, "ఏమీ ల్యాదు పోరా. చెనిక్కాయలు వలిచేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ గీసుకుంటాది" అంది.

ఆ సాయంత్రం వంకంతా పరుచుకున్న సొప్పను అందరం కలిసి ఏరుకున్నాం. ఎద్దు పక్కనే నిలబడి, ఏమీ జరగనట్టు అందులోంచే నాలుగు ఆకులు లాక్కుని నమలసాగింది. దాని గంగడోలు గాయానికి జేజి పసుపు అద్దింది. పక్కకు పోయిన రెండో ఎద్దును నాయన పట్టుకొచ్చి, తెగిన మెడపట్టీ ముడేసి మళ్లీ కాడికి కట్టాడు. తెగిన మోకును చిన్నాయన ముడేసి కట్టాడు. కట్టలు అందిస్తూ, తల పైకెత్తకుండానే, "నీ కత్తి బాగుండాదన్నా" అన్నాడు.

"నీది ల్యాకుంటే ఆ మోకు తెల్లారినా తెగేది కాదులేరా" అన్నాడు నాయన.

అంతకంటే ఎక్కువ మాట్లాడుకోలేదు. మా ఇంట్లో అదే చాలా పెద్ద మాట.

తెల్ల మచ్చ ఎద్దుకు అలుపు రాకూడదని దాన్ని బండి వెనక కట్టి నడిపించారు. దాని చోట కాడికి ఒక కొసన చిన్నాయన భుజం పెట్టాడు. రాళ్లున్న చోట నాయన పెట్టాడు. నేనూ జేజి వెనక ఎద్దుతో పాటు నడిచాం. నాకు అడగాలనిపించినవి చాలా ఉన్నాయి. ముందు కత్తుల గురించి అడిగాను. ఏది మంచిది జేజీ, అని.

"నార, తాడు, మొరటుగా ఉండేదానికి పండ్లుండల్ల పాపా. అవి పట్టుకోని కొరుకుతాయి. కండ కాడ, తోలు కాడ, నున్నంగా జారేదే ఉండల్ల. ముందు కోసేదాన్ని చూడల్ల. ఆమైన కత్తి. ఈళ్లిద్దురూ పొద్దున్నుంచి కత్తులే చూసుకుంటాండారు."

అది నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి ఉంది. ఎద్దు చర్మానికి గాయం కాకుండా ఏ కర్ర పుల్లో గుడ్డ మడతో పెట్టొచ్చు కదా, నీ వేళ్లెందుకు పెట్టావని అడిగాను. జేజి, ముందు నడుస్తున్న నాయనకు వినపడనంత దూరం రానిచ్చి, గొంతు తగ్గించింది.

"మీ నాయన సెయ్యి చూసినావు గదా, ఎట్ల అదరతాండాదో. ఎద్దు పోతాదని బయం. బయంలో మనిసి బిన్నా కోయల్లనుకుంటాడు. బిన్నా కోస్తే గొంతు తెగేది. పుల్ల పెట్టింటే బిన్నానే కోసేవాడు. అమ్మ ఏళ్లుంటే ఎట్ల కోస్తాడు? చూసుకోని కోస్తాడు." ఎద్దు వీపు మీద చరిచి, "నాకూ బయమైంది లే. మీ నాయనకు చెప్పగాకు" అంది.

నేను చెప్పలేదు. నాయన పోయేదాకా ఆయనకు ఆ సంగతి తెలియదు. లేదా తెలిసే ఊరుకున్నాడేమో.

ఆ మేత మమ్మల్ని వానల దాకా గట్టెక్కించింది. తెల్ల మచ్చ ఎద్దు మా ఇంట్లోనే ముసలిదైంది. కత్తుల గొడవ కూడా పూర్తిగా ఆగిపోలేదు. మనుషులు అంత తొందరగా మారిపోతారా? కాకపోతే బండి కట్టిన ప్రతిసారీ ఇద్దరూ, నీ కత్తి తెచ్చుకున్నావా అని ఒకరినొకరు అడిగి మరీ బయల్దేరేవాళ్లు.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ఉద్యోగ జీవితంలో సగానికి పైగా పుట్టపర్తి వైపే గడిచింది, ఇప్పుడు కొత్తచెరువులో ఉంటున్నాను. ఎన్ని కట్లు విప్పానో లెక్క లేదు. పుండుకు అతుక్కుపోయిన పట్టీలు, వాచిన వేలిలో ఇరుక్కున్న ఉంగరాలు, గాయం మీద గట్టిపడిన గుడ్డలు. ఎదుటి మనిషి భయంతో బిగుసుకుపోయి ఉంటారు. వాళ్లను చూసి నాకు సాయం చేసే కొత్త అమ్మాయికీ చేయి వణుకుతుంది. అప్పుడు నేను కత్తెర ఆ అమ్మాయి చేతికే ఇస్తాను. పట్టీకీ చర్మానికీ నడుమ నా రెండు వేళ్లు దూర్చి, వీటి మీద నుంచి పోనివ్వమ్మా, అంటాను. ఆ అమ్మాయి నా ముఖం చూస్తుంది, తర్వాత నా వేళ్లు చూస్తుంది. చేయి నెమ్మదిస్తుంది.

పోయిన నెలలో పక్కింటి పెద్దాయన కాలి కట్టు అట్లాగే విప్పించాను, ఆయన మనవరాలి చేత. అంతా అయ్యేదాకా ఆయన మంచం పట్టె వదలలేదు. చివరి మడత ఊడి వచ్చాక, కింద పుండు మానిపోయి లేత చర్మం కనిపించింది. ఆయన లోపలి నుంచి పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు వినేదాకా నేను కూడా ఊపిరి బిగబట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది నాకు.